మైకు వెనక తువ్వాల

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చిన్న దుకాణాలను పెద్ద దుకాణాలుగా చెప్పి బతికినవాణ్ణి కాబట్టి నాలుక ఆ దారికే అలవాటు పడిపోయింది. నేను బజారు నుంచి వచ్చి "మస్తు జనం ఉన్నరు" అంటే ఇద్దరున్నారని, "చీమ గూడ లేదు" అంటే జాతర జరుగుతోందని మా ఇంటావిడ అర్థం చేసుకుంటుంది. పాఠకులు కూడా అదే పద్ధతి పాటించవచ్చు. అయితే ఎంత ఊదినా ఊదడానికి చేతిలో ఒక రబ్బరు బుగ్గ ఉండాలి కదా. ఇక్కడ చెప్పబోయే దానిలో చాలావరకు నేను గాలి మాత్రమే ఊదాను. బుగ్గతో సహా కల్పించింది ఒక్కటే ఉంది. అదేమిటో చివర చెబుతాను.

కరోనా తెరిపి ఇచ్చాక వచ్చిన ఎండాకాలంలో నాకు ఈ పని తగిలింది. అంతకుముందు ఒక దినపత్రిక ప్రకటనల విభాగంలో యాడ్ ఇన్‌చార్జిగా చేశాను. ఆ హోదా అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. కింద ఎగ్జిక్యూటివ్ ఉంటాడు, అతను ఎండలో తిరుగుతాడు. పైన మేనేజరు ఉంటాడు, అతను కరీంనగర్‌లో ఏసీలో కూర్చుని అరుస్తాడు. మధ్యలో ఉన్న ఇన్‌చార్జి ఎండలో తిరుగుతూ అరుపులు వింటాడు. అది వదిలేసి, జగిత్యాల పాత బస్టాండు వెనక ఒక ఫ్లెక్సీల దుకాణం మీది గదిలో 'పబ్లిక్ రిలేషన్స్' అని బోర్డు పెట్టుకున్నాను. పని ఇచ్చే వ్యాపారిని మా వృత్తిలో 'పార్టీ' అంటారు. నా గది ఎంత ఇరుకంటే, పార్టీ లోపలికి వచ్చేటప్పుడు నేను ఊపిరి బిగబట్టాలి. పార్టీ లావుగా ఉంటే బేరం మెట్ల మీదే జరిగేది.

ప్రకటనకూ పబ్లిక్ రిలేషన్స్‌కూ తేడా ఏమిటని ఇప్పటికీ అడుగుతుంటారు. ప్రకటన అంటే మన గురించి మనం చెప్పుకోవడం. రెండోది, మన గురించి పక్కింటామె చెప్పేలా చూడడం. రెండోదానికి ఖర్చు తక్కువ. కాకపోతే పక్కింటామె మన చెప్పుచేతల్లో ఉండదు.

ఆ మధ్యాహ్నం మెట్ల కింది నుంచి ఎవరో కొట్లాటకు వస్తున్నట్టు గొంతు వినిపించింది. "అన్నా! పబ్లిసిటీ సారు ఉన్నడా!" అన్న కేకకు కింద ఫ్లెక్సీ మిషను ఆగిపోయిందని నేను అంటాను. కరెంటు పోయిందని ఫ్లెక్సీ దుకాణం వాళ్లు అంటారు. భుజం మీద మూటతో ఒక బక్కపలుచని మనిషి పైకి వచ్చాడు. పేరు వెంకటేశం, ఊరు సిరిసిల్లను ఆనుకుని ఉన్న తంగళ్ళపల్లి. మనిషి నెమ్మదస్తుడే కానీ గొంతు మాత్రం పక్క ఊళ్లో ఉన్నవాణ్ణి పిలిచేంత ఉంది. కుర్చీలో కూర్చున్నాక కూడా కాలు ఆగలేదు. ఒకే తాళంలో మోకాలు ఆడిస్తూ ఉన్నాడు. నాకూ కాలు ఊపే జబ్బు ఉంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఊపుతుంటే బల్ల మీది గ్లాసు నడుచుకుంటూ అంచుదాకా వచ్చింది.

అతని ముచ్చట ఇది. ఇంటి పక్క షెడ్డులో అతనికి ఆరు సాంచలున్నాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సొంత సాంచల మీద, సేట్లు ఇచ్చే నూలుతో, కూలికి బట్ట నేసి ఇచ్చేవాణ్ణి ఆసామి అంటారు. వెంకటేశం ఆసామి. సేట్ల నుంచి పని తగ్గేసరికి, తానే పత్తి నూలు తెచ్చుకుని తువ్వాలలు నేయడం మొదలుపెట్టాడు. భార్య పద్మ పుట్టిల్లు కోరుట్ల. అక్కడ ఆమె తమ్ముడి షట్టర్ ఒకటి ఖాళీగా ఉంటే అందులో దుకాణం తెరిచారు. గిరాకి లేదు.

"పాత ఇనుము కొనే సేటు వచ్చి చూసిపోయిండన్నా," అన్నాడు వెంకటేశం, రోడ్డు మీద పోయేవాళ్లందరికీ వినిపించేలా. "సాంచను ముట్టి గూడ చూడలే. దూరం నుంచే ఎంత బరువుంటదా అని చూసిండు. మిరుగం కల్లా లారీ తెస్త అన్నడు. గీ నెల రోజులల్ల తువ్వాలలు నడిస్తే సాంచలుంటయ్. లేకుంటే కిలోల లెక్కన పోతయ్."

మిరుగం అంటే మృగశిర కార్తె, వానలు మొదలయ్యే వేళ. నేను క్యాలెండరు వైపు చూశాను. వేసవి అప్పటికే సగం దాటింది.

నా మొదటి మేనేజరు నేర్పిన మంచి విషయం ఒక్కటే: సరుకు పుట్టే చోటు చూడకుండా ఒక్క వాక్యం కూడా రాయకూడదు. అందుకని మరునాడే స్కూటరు మీద తంగళ్ళపల్లి వెళ్లాను. దారిలో ఎండకు నా స్కూటరు రెండుసార్లు స్పృహ తప్పింది. షెడ్డులోకి అడుగుపెట్టగానే వెంకటేశం గొంతు రహస్యం తెలిసింది. ఆరు సాంచలు ఆడుతుంటే ఆ చప్పుడులో అతని కేక మామూలు మాటలాగా వినిపించింది. అతని మోకాలి తాళం కూడా ఆ సాంచలదే. నిశ్శబ్దంగా ఉన్న చోట ఆ మనిషికి కుదురు ఉండదు. రోజంతా నిశ్శబ్దంగా ఉండే కోరుట్ల షట్టర్లో కూర్చుని ఏమైపోతున్నాడో ఊహించుకోవచ్చు.

పద్మ నాకు మంచినీళ్లిస్తూ తేల్చేసింది. "గిరాకి రాదు సారూ. వచ్చినోళ్లు గూడ ఈయన 'ఏం గావాల్నమ్మా' అంటె బుగులుపడి ఉర్కుతున్నరు. ఇంకో నాలుగు దినాలు ఈయన కూసుంటె పోలీసోళ్లే వస్తరు, గిరాకి రాదు."

"నేను మెల్లగనే అంటున్న గదనే!" అన్నాడు వెంకటేశం. రేకుల మీది పావురాలు లేచిపోయాయి.

ఒక తువ్వాలతో మొహం తుడుచుకున్నాను. జగిత్యాల నుంచి తెచ్చుకున్న చెమటంతా ఒక్క తుడుపులో పోయింది. సరుకు మంచిదే. మరి చిక్కు ఎక్కడ? మా వైపు తువ్వాల అంటే ఒళ్లు తుడుచుకునేది కాదు, పెట్టేది. పెండ్లికి, గృహప్రవేశానికి, దశదినానికి చుట్టాలకు తువ్వాల, జాకెట్టు ముక్క పెట్టాలి. ఆ పెట్టుడు తువ్వాల పలుచగా, మెరుస్తూ, జరీ అంచుతో, మడత మీద కాగితం పట్టీతో ఉంటుంది. దాన్ని ఎవరూ విప్పరు. మరో శుభకార్యంలో మరొకరికి పెడతారు. మల్యాలలో నేను పెట్టిన తువ్వాల ఒకటి, పట్టీ మీది సిరా మరకతో సహా, పన్నెండు పెండ్లిళ్లు తిరిగి మళ్లీ నాకే వచ్చింది. పన్నెండు అన్నది నా లెక్క. మా ఇంటావిడ మూడు అంటుంది. ఏదైనా ఆ తువ్వాల నీళ్ల మొహం చూడలేదు. అలాంటి తువ్వాలలు చూసిన కళ్లకు వెంకటేశం తువ్వాల మసకగా, గరుకుగా కనిపించేది. దాని గుణం తడి తగిలితేనే తెలుస్తుంది. పొడి దుకాణంలో పొడి చేతులతో పట్టుకుని, "గరుకుగున్నది" అని పెట్టేసి పోయేవారు.

చేతిలో డబ్బు లేని పార్టీకి మేము చేయగలిగేవి అప్పట్లో నాలుగుండేవి. తెల్లవారుజామున బస్టాండులో దినపత్రికల మడతల్లో పాంప్లెట్లు పెట్టించడం, దీన్ని ఇన్సర్షన్ అంటారు. లోకల్ కేబుల్లో సినిమా కింద అక్షరాలు పాకించడం, అది స్క్రోలింగ్. చౌరస్తాలో ఫ్లెక్సీ. నాలుగోది మైకు ఆటో. పాంప్లెట్లలో ఎండాకాలం పకోడీలు కడతారు. స్క్రోలింగ్ వచ్చేటప్పటికి కరెంటు పోతుంది. ఫ్లెక్సీ మీద మరునాడే ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ లేస్తుంది. అందుకే మైకు ఆటో ఎంచుకున్నాను. దానికి ఠాణాలో దరఖాస్తు పెట్టి, ఏ వేళ, ఏ గల్లీల్లో తిరుగుతుందో చెప్పి అనుమతి తీసుకోవాలి. ప్రకటనను గొంతున్న మనిషితో చెప్పించి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఆగకుండా తిరిగేలా పెడతారు.

గొంతున్న మనిషి అంటే మా ప్రాంతంలో ఒక్కడే, మైకు గంగారాం. అరవై దాటినవాడు, జగిత్యాల వాస్తవ్యుడు. ఆయన గొంతులో గంభీరత ఎంతంటే, ఆయన టీ అడిగినా శ్రద్ధాంజలి ఘటిస్తున్నట్టుండేది. ఫ్లెక్సీ దుకాణం వెనక గదిలో, ఫ్యాను ఆపి, బొంత కప్పుకుని, లోపల సెల్‌ఫోను పట్టుకుని రికార్డు చేసేవాడు. బొంత ఎందుకంటే బయటి చప్పుడు పడకుండా. ఆ ఎండలో ఆయన బొంతలోంచి బయటికొస్తే ఆవిరి లేచేది. ఆయనకు ఒక అలవాటు ఉంది. మాట మొదలుపెట్టే ముందు "హూఁ" అని ఒకసారి గొంతు సవరించుకుంటాడు. అది తీసేయమని ఎవరన్నా అంటే కోపం వచ్చేది. "గది నా సంతకం సారూ," అనేవాడు. "నా గొంతు ఇంటే కోరుట్ల కోరుట్లంత కదులుతది. మీరే చూస్తరు."

నిజంగానే కదిలింది.

మొదటి రోజు నల్లా నీళ్లు వచ్చే పూట ఆటో బయల్దేరింది. ఆ వేళ ఆడవాళ్లంతా ఇంటి ముందరే ఉంటారని నేనే పెట్టించాను. కాసేపటికి డ్రైవరు సలీం ఫోను చేశాడు.

"సాబ్, ఊరు ఏమన్న బంద్ ఉన్నదా?"

"లేదు సలీం. ఎందుకు?"

"గల్లీల ఒక్క మనిషి లేడు. నేను పోంగనే అందరు లోపటికి ఉర్కుతున్నరు. తలుపులు గూడ పెట్టుకుంటున్నరు. నా మొఖం గంత ఖరాబున్నదా సాబ్?"

ఆ వెంటనే వెంకటేశం ఫోను. అతనికి ఫోను అవసరం లేదు, కోరుట్ల నుంచి నేరుగా కేకేసినా వినిపించేది. గిరాకి రాలేదు సరే, ఉన్న ఒక్క గిరాకి కూడా మైకు వినగానే తువ్వాల కింద పడేసి పారిపోయిందట. మధ్యాహ్నం దాకా నేను గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగాను. ఆ గదిలో అంటే ఉన్నచోటే గిరగిర తిరగడమన్నమాట. ఆగలేక స్కూటరు తీశాను.

దుకాణంలో పద్మ విషయం చెప్పింది. ఆమె పుట్టింటి గల్లీలో అందరికీ తెలిసిన సంగతే అది. ఎండాకాలం నల్లా సన్నగా వస్తుంది. అందుకని జనం నల్లాకు మోటరు బిగించి గుంజుకుంటారు. అలా చేస్తే మోటర్లు జప్తు చేస్తామని అధికారులు ఆటోలో చెప్పిస్తున్నారు. ఆ చెప్పే గొంతు గంగారాంది. జనం మాటలదాకా ఆగడం లేదు. "హూఁ" వినగానే లోపలికి పరుగెత్తి మోటర్లు పీకేస్తున్నారు.

"మరి నాకు ముందుగాల చెప్పొద్దా?" అన్నాను.

"మీరు ఎవ్వల గొంతు పెడుతున్నరో మాకేమెర్క సారూ? మా ఆయన అయితే మైకు ఇన్నడు. ఇని, 'మెల్లగ చెప్తున్నడేంది' అన్నడు."

జగిత్యాలకు తిరిగి వచ్చి గంగారాంను నిలదీశాను. గొంతు మార్చాలన్నాను. ఇంకో గొంతు లేదు. ఉన్న మరో మనిషి కోడిమాంసం దుకాణానికి కట్టుబడి ఉన్నాడు. గంగారాంకు రోషం వచ్చింది. "నేను ఏ గొంతయినా తీస్త. మెత్తగ తీస్త. వెన్న లెక్క తీస్త," అని బొంతలో దూరాడు. "అమ్మలారా, అక్కలారా, మీ మేలు కోరి చెప్తున్న" అంటూ ఎంతో ప్రేమగా చదివాడు. "హూఁ" మాత్రం వదల్లేదు.

మరునాడు ఫలితం చూద్దామని సలీం పక్కన నేనే ఎక్కాను. మెడలో వెంకటేశం తువ్వాల వేసుకున్నాను. నా చెమటకు అదొక్కటే దిక్కు.

మొదటి గల్లీలో ఒకామె పళ్లు తోముతోంది. ఒకాయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. ఇద్దరు కోడళ్లు బిందెల దగ్గర నవ్వుకుంటున్నారు. పెన్‌డ్రైవ్ తిరిగింది. "హూఁ."

పళ్లు తోముతున్నామె నోట్లో నురగతోనే మాయమైంది. పేపరు గాలిలో ఉంది, చదివే మనిషి లేడు. తలుపుల వెనక ఊరంతా ఒకేసారి గిన్నెలతో కుస్తీ పడుతున్నట్టు చప్పుడు. ఒకతను మోటరును భుజాన వేసుకుని డాబా మెట్లెక్కుతున్నాడు. పైపు వెనకాల తోకలాగా ఈడ్చుకుంటూ వస్తోంది. ఇంకో ఇంట్లో మోటరును ఊయలలో పెట్టి దుప్పటి కప్పి ఊపుతున్నారు. మెత్తటి గొంతు వల్ల మేలు జరగలేదు సరికదా, మరింత కీడు జరిగింది. ఒక ముసలాయన కిటికీలోంచి కోడలితో అంటున్నాడు: "గింత మెత్తగ మాట్లాడుతున్నరంటే ఇయ్యాల ఖాయంగ జప్తు చేస్తరే! దబదబ తియ్యుర్రి!"

సలీం ఆటో ఆపి తల పట్టుకున్నాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. దిగి, ఎవరికైనా ఒక్కరికి తువ్వాలల సంగతి నోటితో చెబుదామని తెరిచి ఉన్న ఒక్క తలుపు దగ్గరికి వెళ్లాను. లోపల ఒకామె మోటరును చంకన పెట్టుకుని నిలబడి ఉంది. మోచేతుల దాకా నీళ్లు కారుతున్నాయి. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"సారూ, ఇది మాది గాదు సారూ! మా మరిది పెండ్లికి పెడదామని తెచ్చి దాసినం!"

"పెండ్లికి మోటరు పెడుతున్నరా?"

"తువ్వాలలు ఎవ్వలు వాడుతున్నరు సారూ," అంది, నన్నే తప్పుపడుతున్నట్టు.

అప్పుడు చూశాను, మోటరు వైరు ఇంకా గోడకున్న బోర్డులోనే ఉంది. తడి చేతులతో దాన్నే లాగబోతోంది. "ఆగమ్మా! ముట్టకు! ముందుగాల చేతులు తుడుసుకో!" అని మెడలోని తువ్వాల ఆమె మీదికి విసిరాను. నా కేక విని ఉంటే వెంకటేశం గర్వపడేవాడు. ఆమె మోటరు కింద పెట్టి, చేతులు ఒకసారి తుడుచుకుని, పొడి చేత్తో స్విచ్చి ఆపి ప్లగ్గు తీసింది. తరువాత తువ్వాలను తిప్పి చూసింది. మళ్లీ మోచేతులు తుడుచుకుంది. మోటరు సంగతి, నా సంగతి మర్చిపోయింది.

"ఇదేడ దొరికింది సారూ? ఒక్క తుడుపుకే తడి పోయింది."

"గిప్పటిదాక మైకుల గదే చెప్తున్నం గదమ్మా."

"మైకుల మోటర్ల ముచ్చట గదా చెప్పేది?"

పక్కింటామె వచ్చింది. ఆమె చేతులూ తడే. ఎదురింటామె వచ్చింది, ఆమెకు మొహం కూడా తడే. నా తువ్వాల ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయి గల్లీ మలుపు తిరిగింది. నాకు మళ్లీ కనబడలేదు. సాయంత్రం లోపల ఆ గల్లీ నుంచి నలుగురు దుకాణానికి వచ్చారు. నేను చెబితే నాలుగొందల మంది అనేవాణ్ణి, కానీ ఆ మాట చెప్పింది పద్మ.

మిగతాది ఆమే తేల్చింది. "మీరు గొంతు మార్చకుర్రి సారూ. గా పాతదే పెట్టుర్రి, గంభీరంగ. ఆటో ముంగట పోనియ్యుర్రి, నేను ఎనుకంగ వస్త."

మా వృత్తిలో సరుకును ముందుగా వాడి చూడమని జనం చేతిలో పెట్టడాన్ని శాంప్లింగ్ అంటారు. పెద్ద కంపెనీలు దానికోసం టోపీలు పెట్టుకున్న మనుషులను దింపుతాయి. మాకు టోపీలు లేవు. గంగారాం ఊరందరి చేతులూ తడిపి పెడుతున్నాడు. పద్మ ఒక గల్లీ వెనకగా, భుజాన తువ్వాలలతో నడిచేది. తలుపు తట్టి "అక్కా, నేనే, పద్మను. చేతులు తుడుసుకో" అని తువ్వాల ఇచ్చేది. తుడుచుకున్నాక తిరిగి తీసుకునేది. కొనమని అడిగేది కాదు. అడగకపోవడం ఆడవాళ్లకు నచ్చేది కాదు. "ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకపోతవేందే, ఎంతనో చెప్పు," అని దబాయించేవారు.

నాకు మాత్రం నెమ్మది లేదు. జనం భయాన్ని మనం వాడుకుంటున్నామేమో అన్నది ఒక పక్క, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఠాణా అనుమతి పోతుందేమో అన్నది ఇంకో పక్క. అనుకున్నట్టే ఒకరోజు అధికారుల వైపు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడేది ఎవరో తెలిశాక లేచి నిలబడ్డాను. నా గదిలో లేచి నిలబడితే తల ఫ్యానుకు తగులుతుంది. ఆయన అడిగింది ఒక్కటే: "మీ తువ్వాలల ఆటో రేపు గూడ వస్తదా?"

"మీరు వద్దంటే ఆపుతం సార్."

"ఆపకుర్రి. మీ ఆటో తిరిగిన పూట చివరి గల్లీలకు నీళ్లు పోతున్నయ్."

మోటర్లు పీకిన కాసేపు, ఎగువ ఇళ్లు గుంజుకోని నీళ్లు దిగువకు పారుతున్నాయన్నమాట. మరునాడు చివరి గల్లీ ఆడవాళ్లు గుంపుగా దుకాణానికి వచ్చారు. వాళ్ల ముందు నడిచిన పెద్దావిడ నా వైపు వేలు చూపించింది. "నువ్వేనా ఆటో పటేలువు? ఇగో ఇను బిడ్డా. ఆటో మా దిక్కు తేవద్దు. మాకెట్లగూ మోటర్లు లేవు. పైదిక్కు గల్లీలనే తిప్పు. నీళ్లొచ్చినంక చేతులు మాకూ తడుస్తయ్, తువ్వాలలు మేమూ కొంటం."

నా ఉద్యోగ జీవితంలో ప్రచారపు రూటును జనమే వచ్చి నిర్ణయించింది అప్పుడొక్కసారే. ఠాణాకు వెళ్లి గల్లీల పేర్లు మార్చి మళ్లీ అనుమతి తీసుకున్నాను. దుకాణంలో వెంకటేశంకు పని దొరికింది. ఆడవాళ్లంతా ఒకేసారి మాట్లాడుతుంటే ఆ సందడిలో అతని గొంతు సరిగ్గా సరిపోయింది. కాలు ఊపడం కూడా తగ్గిందని పద్మ చెప్పింది. నాది తగ్గలేదు. మిరుగం దగ్గరపడుతోంది. ప్రతి పొద్దూ మబ్బు కేసి చూసేవాణ్ణి. ఊళ్లో అందరూ వాన కోసం చూస్తుంటే, ఇంకో వారం ఆగితే బాగుండుననుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

వాన పడింది. నల్లాలు నిండుగా వచ్చాయి. మోటర్లు అటక ఎక్కాయి. "హూఁ" వినిపించినా ఎవరూ లేవలేదు. అలా మొదటిసారిగా కోరుట్ల జనం గంగారాం చెప్పే మాటలు పూర్తిగా విన్నారు. ఒకరోజు ఆయన కూడా సలీం పక్కన ఎక్కి వస్తే, ఒకామె గొంతు గుర్తుపట్టి ఆటో దగ్గరికి వచ్చి, "గిన్ని దినాలు తువ్వాలల ముచ్చటనా నువ్వు చెప్పింది? మంచిగనే చెప్తున్నవు గద," అంది. గంగారాం ఆ మెచ్చుకోలును అవమానంగా తీసుకోవాలో గౌరవంగా తీసుకోవాలో తేల్చుకోలేక రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే జగిత్యాలలో గోడ గడియారాల టిక్కుటిక్కు వినిపించింది.

దుకాణం ముందరి ఫ్లెక్సీ మీద నేను ఎంతో ఆలోచించి పెట్టిన పేరు 'శ్రీ పద్మ కాటన్ తువ్వాలలు'. జనం దాన్ని 'మోటర్ల తువ్వాల దుకాణం' అన్నారు. బస్సు దిగినవాళ్లు ఆ పేరుతోనే దారి అడిగేవారు. వెంకటేశం నొచ్చుకున్నాడు. "దేవుని పేరు పెట్టుకుంటే మోటరు పేరు వచ్చిందేందన్నా!" అన్నాడు. నేను ఫ్లెక్సీ మార్పించి, మూలకు ఒక చిన్న మోటరు బొమ్మ వేయించాను. ఆ తరువాత పెండ్లిళ్లకు కూడా అడగడం మొదలైంది. మా ప్రాంతంలో పెట్టుడు తువ్వాల మడత విప్పిన మొదటి ఇల్లు ఎవరిదో నాకు తెలుసు. వాళ్లది మోటరును ఊయలలో పెట్టిన ఇల్లు.

ఇనుము సేటు లారీతో తంగళ్ళపల్లి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆరు సాంచలూ ఆడుతున్నాయి. సేటు గుమ్మంలో నిలబడి ఏదో అడిగాడు, చప్పుడులో వినిపించలేదు. వెంకటేశం ఏదో జవాబు చెప్పాడు, అదీ వినిపించలేదు. వెంకటేశం మాట వినిపించని సందర్భం నేను చూసింది అదొక్కటే. సేటు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. లారీ ఖాళీగా తిరిగిపోయింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి ఈ సంఘటన నుంచి చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. గొంతును అద్దెకు తీసుకునే ముందు, ఆ గొంతు అంతకుముందు ఆ ఊళ్లో ఏమి చెప్పిందో కనుక్కోవాలి. జనం మాట కంటే ముందు గొంతును వింటారు. సరుకు గుణం ఏ వేళ, ఏ చేతిలో తెలుస్తుందో ఆ వేళకే అక్కడికి చేరాలి, దుకాణంలో కూర్చుంటే లాభం లేదు. జనం పెట్టిన పేరును సరిదిద్దకూడదు. డబ్బు తక్కువున్న పార్టీకి ఇన్సర్షన్, స్క్రోలింగ్ కంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి. ఇవన్నీ చేసినా పార్టీ నిలబడుతుందని హామీ ఇవ్వకూడదు. ప్రచారం గిరాకిని తెస్తుంది. పోయిన కాలాన్ని తేలేదు.

ఇక ఇచ్చిన మాట. మోటరును ఊయలలో ఊపడం నిజం. అధికారుల ఫోను నిజం. రూటు మార్చమని చివరి గల్లీ ఆడవాళ్లు రావడం నిజం. ఆ పెద్దావిడ ఇప్పటికీ నన్ను ఆటో పటేలు అనే పిలుస్తుంది. కల్పించింది లారీ సంగతి. అది ఖాళీగా పోలేదు. తువ్వాలలు నడిచినా, ఆరింటికీ సరిపడేంత నడవలేదు. ఆ రోజు షెడ్డులో చప్పుడు తక్కువగానే ఉంది, సేటు అడిగిందీ వినిపించింది, వెంకటేశం చెప్పిన జవాబూ వినిపించింది. రెండు సాంచల బోల్టులు తనే విప్పి, తనే పట్టి, లారీ ఎక్కించాడు. నాలుగు ఇప్పటికీ ఆడుతున్నాయి, తువ్వాలలే నేస్తున్నాయి. లారీ వచ్చిన రోజు ఆరూ ఆడుతున్నాయని రాసినచోట, ఆ మిగతా రెండూ నేను నడిపినవి.